పెళ్ళికూతురు ఎక్కి దిగిన వ్యాను

మాస్టారు ముప్పై నాలుగేళ్ళు చరిత్ర చెప్పి రిటైరయ్యారు. పిల్లలకు బొమ్మలు గీసి చూపించిన కోటల్లో ఒక్కటి కూడా కళ్ళారా చూడలేదన్న దిగులు ఆయన్ని తొలిచేస్తుంటే, భార్యే పోరుపెట్టి పాస్‌పోర్టు తీయించింది. ఏడాది పాటు పుస్తకాలు తిరగేసి ఆయన ఒక పట్టిక వేశారు. ఆరు రోజులు, పదకొండు పాత ఊళ్ళు, ఒక అద్దె వ్యాను. వ్యాను నడపడానికి బావమరిది ఉండనే ఉన్నాడు. అతనిది డ్రైవింగు స్కూలు. సగం ఊరికి స్టీరింగు పట్టుకోవడం నేర్పింది తనేనని అతను చెప్పుకోని రోజు లేదు.

నాలుగో మనిషి మాస్టారి భార్యకు అక్క. అందరికీ ఆమె పెద్దక్కే, మాస్టారికి మాత్రం వదినగారు. సొంతంగా టైలరింగు షాపు నడుపుతుంది. ఆమెకు కోటలంటే ఇష్టమూ లేదు, కోపమూ లేదు. చెల్లెలు గడ్డం పట్టుకుని బతిమాలితే, షాపుకు వారం రోజులు తాళం వేసి వచ్చింది.

మొదటి మూడు రోజులూ ఒకే తంతు. మాస్టారు గోడ కనిపిస్తే చాలు, ఆగి పాఠం మొదలుపెట్టేవారు. భార్య తల ఊపేది. బావమరిది ఫొటోలు తీసేవాడు. పెద్దక్క నీడలో ఏదో ఒక రాయి చూసుకుని కూర్చుని, దారిన పోయేవాళ్ళ బట్టలు చూసేది. ఏడు వందల ఏళ్ళ నాటి బురుజు దగ్గర మాస్టారు ఉండబట్టలేక ఎలా ఉందని అడిగితే, ఆమె కాసేపు పరీక్షగా చూసి, రాయికీ రాయికీ మధ్య అతుకు బాగా కుదిరిందంది. మాస్టారు ఆ రోజంతా ఆమెను మళ్ళీ ఏమీ అడగలేదు.

నాలుగో రోజు ఉదయం వాళ్ళు కొండ మీద ఉన్న ఒక చిన్న ఊరు చేరారు. ఊరి చుట్టూ రాతిగోడ, గోడకు ఒక ద్వారం. బండి బయట పెట్టి నడిచి వెళ్ళమని ఫోనులో మ్యాపు చెబుతూనే ఉంది. కానీ ఒకప్పుడు ఆ ఊరిని గెలిచిన సైన్యం ఆ ద్వారం గుండానే ఊళ్ళోకి వెళ్ళిందని మాస్టారు చదివి ఉన్నారు. మనం కూడా అలాగే వెళ్ళాలన్నారు.

"గుర్రాలు పట్టిన సందులో మన బండి పట్టదా బావగారూ," అన్నాడు బావమరిది.

ద్వారం దాటేవరకూ పట్టింది. ఆ తర్వాత సందు మెలిక తిరిగింది, మెలిక తర్వాత సన్నబడింది. కుడివైపు అద్దం గోడను గీరింది. బావమరిది ఎడమకు తిప్పాడు. ఎడమ అద్దం కూడా గోడకు ఆనింది. వెనక్కి పోనిస్తే వెనక మూల మెలిక దగ్గరి రాయికి తగిలింది. ముందుకు పోనిస్తే ఇంకా బిగుసుకుంది. నాలుగుసార్లు ముందుకూ వెనక్కీ ఊగి, వ్యాను సీసాకు బిరడాలా కూర్చుండిపోయింది. పక్క తలుపులు బెత్తెడు కంటే తెరుచుకోవు.

మాస్టారి భార్య దేవుణ్ణి తలుచుకుంది. బావమరిది చెమట తుడుచుకుంటూ, స్టీరింగు అటువైపు ఉండటం వల్లనే ఇలా అయిందన్నాడు. ఎదురింటి మేడ మీది నుంచి ఒకాయన తొంగిచూసి ఏదో అడిగాడు. మాస్టారికి ఆ దేశపు భాషలో పన్నెండు వాక్యాలు వచ్చు. పన్నెండూ చరిత్రకు సంబంధించినవే. తోచిన వాక్యం అందుకుని, ఈ కట్టడం ఏ శతాబ్దానిదని ఆయన్ని అడిగారు. ఆ పెద్దమనిషి ఎంతో సంతోషించి, కిటికీ పట్టుకుని పావుగంట సేపు వివరంగా చెప్పాడు. మాస్టారికి ఒక్క ముక్క అర్థం కాలేదు. అయినా శ్రద్ధగా తల ఊపారు.

పెద్దక్క ఇవేవీ వినడం లేదు. ఆమె సీటు పక్కనే, చేయి చాస్తే అందేంత దగ్గరలో, ఒక ఇంటి కిటికీ బార్లా తెరిచి ఉంది. లోపల కుట్టుమిషను, ఇస్త్రీ బల్ల, గోడ నిండా దారపు రీళ్ళు. గది మధ్యలో పీట మీద పెళ్ళిబట్టల్లో ఒక అమ్మాయి నిలబడి ఏడుస్తోంది. వెనకాల నోట్లో గుండుసూదులు పెట్టుకుని ఒక దర్జీ పెద్దావిడ గౌను రెండు అంచులూ దగ్గరికి లాగుతోంది. అవి కలవడం లేదు. జానెడు తేడా ఉంది. కొలతలు ఇచ్చాక ఆ అమ్మాయి ఒళ్ళు చేసిందని పెద్దక్కకు చూడగానే తెలిసిపోయింది. అలాంటివాళ్ళను ఆమె ఏటా పాతికమందిని చూస్తుంది.

పెద్దక్క వ్యాను కిటికీ అద్దం పక్కకు జరిపి, చప్పట్లు కొట్టి దర్జీ ఆవిడను పిలిచింది. నేల మీద జీరాడుతున్న గౌను తోకను చూపించింది. రెండు వేళ్ళతో కత్తిరించినట్టు చేసింది. తన చంక కింద నుంచి నడుము దాకా చేత్తో గీసి చూపించింది. తోకలోంచి గుడ్డ తీసి పక్కల్లో ముక్క వేయమని దాని అర్థం. ఆవిడ గుండుసూదులు నోట్లోంచి తీసి, పెళ్ళికూతుర్ని చూసి, గడియారం చూసి, రెండు చేతులూ గాల్లోకి ఎత్తేసింది. ఒక్కదాన్ని ఎప్పటికి చేయనని దాని అర్థం.

"చెల్లీ, నన్ను కాస్త వెనక నుంచి తొయ్యి," అంది పెద్దక్క.

ఆమె సన్నపాటి మనిషి కాదు. చీర కుచ్చెళ్ళు ఒక చేత్తో బిగించి, వ్యాను కిటికీలోంచి ఇంటి కిటికీలోకి ఆమె మారేసరికి చెల్లెలికి ఆయాసం వచ్చింది. మాస్టారు మర్యాద కోసం కళ్ళు మూసుకున్నారు. లోపల పడ్డాక పెద్దక్క ఎవరి అనుమతీ అడగలేదు. కత్తెర తీసుకుంది.

గంటన్నర సేపు ఆ గదిలో మాటల్లేవు. ఒకరు కుట్లు విప్పితే ఒకరు ముక్కలు కోశారు. ఒకరు మిషను తొక్కితే ఒకరు చేత్తో అంచు మడిచి కుట్టారు. చేయి చాపితే అడగకుండానే సూది వచ్చి పడేది. కిటికీలోంచి చూస్తున్న చెల్లెలు, మూడు రోజులుగా చూడని వెలుగు అక్క మొహంలో చూశానని మొగుడితో చెప్పింది.

గౌను పట్టింది. ఊపిరి పీల్చినా పట్టింది. పెళ్ళికూతురు ఇద్దరినీ కావలించుకుని వీధితలుపు తీయబోయింది. అది రెండు వేళ్ళ సందు కంటే తెరుచుకోలేదు. తలుపుకు అడ్డంగా వ్యాను ముందుభాగం ఉంది. ఆ ఇంటికి మరో దారి లేదు.

పెద్దక్క తల బయటికి పెట్టింది.

"ఒరేయ్ తమ్ముడూ, సీట్ల మీద దుప్పటి పరిచెయ్యి. పెళ్ళికూతురు నీ బండిలోంచి వస్తుంది."

బావమరిది సూట్‌కేసులన్నీ వెనక తలుపులోంచి సందులోకి దింపి, సీట్లు దులిపి దుప్పటి పరిచాడు. పెళ్ళికూతురు కిటికీలోంచి వ్యానులోకి వచ్చింది. మాస్టారు గౌను అంచు రెండు చేతులా ఎత్తిపట్టుకున్నారు. సీట్ల మధ్య నుంచి వంగి నడిచి ఆ అమ్మాయి వెనక తలుపులోంచి దిగేసరికి, అప్పటికే చేరిన జనం చప్పట్లు కొట్టారు. తండ్రి కాబోలు, ఒకాయన బావమరిది చేతులు పట్టుకుని ఊపేశాడు. బండి ఇరికించినందుకు తనకు దక్కుతున్న ఆ మర్యాద ఎలా పుచ్చుకోవాలో అతనికి తెలియలేదు.

తర్వాత ఊళ్ళో ఉత్తరాలు పంచే టపా బండి ఆవిడ వచ్చింది. అరవై దాటిన మనిషి. వ్యాను చుట్టూ చూడటానికి చోటు లేదు గనక వెనక నుంచి ఒక్కసారి చూసి, లోపల దూరి, బావమరిదిని పక్కకు జరగమంది. రెండు అద్దాలూ లోపలికి మడిచింది. స్టీరింగును సగం తిప్పి, వేలెడు ముందుకు పోనిచ్చి, తిరిగి తిప్పి, పక్కింటాయనతో కబుర్లాడుతూ ద్వారం బయటికి తెచ్చి నిలబెట్టింది. ఎక్కడా కొత్త గీత పడలేదు. బావమరిది ఆమెతో చేతులు ఊపుతూ చాలాసేపు మాట్లాడాడు. ఆ రోజంతా డ్రైవింగు స్కూలు ఊసెత్తలేదు.

వాళ్ళను పెళ్ళికి లాక్కుపోయారు. మధ్యాహ్నం చూడాల్సిన ఊరు పట్టికలో అలాగే ఉండిపోయింది. మర్నాడు బయలుదేరబోతుంటే పెద్దక్క తన సంచి దర్జీ ఆవిడ ఇంట్లో పెట్టేసి వచ్చింది.

"మీరు కోటలు చూసి రండి మరిదిగారూ. వెళ్ళేటప్పుడు నన్ను ఎక్కించుకోండి," అంది.

ఆరో రోజు సాయంత్రం వాళ్ళు తిరిగి వచ్చేసరికి పెద్దక్క సంచితో సహా ద్వారం బయట కూర్చుని ఉంది. మొహం ధుమధుమలాడుతోంది. ఇద్దరికీ మాటల్లేవట. జాకెట్టుకు చేయి ఎలా అతకాలన్న దగ్గర తగాదా వచ్చిందట. తను కుట్టిన చేతిని ఆవిడ విప్పేసింది, ఆవిడ కుట్టినదాన్ని తను విప్పేసింది.

"భాషే రాదు కదా, ఎలా పోట్లాడుకున్నారు?" అంది చెల్లెలు.

"గుడ్డ ఉంది కదా," అంది పెద్దక్క.

బండి కదలబోతుండగా సందులోంచి దర్జీ ఆవిడ పరుగున వచ్చింది. చేతిలో ఒక జాకెట్టు. కుడిచేయి పెద్దక్క పద్ధతిలో, ఎడమచేయి తన పద్ధతిలో అతికి ఉంది. దాన్ని పెద్దక్క ఒళ్ళో పడేసి, ఇప్పుడు చెప్పు అన్నట్టు నడుము మీద చేతులు వేసుకుని నిలబడింది. పెద్దక్క దాన్ని తిరగేసి, లోపలి కుట్టు గోటితో లాగి, వెలుగులోకి ఎత్తి చూసింది. ఎడమచేతిని ఇంకోసారి చూసింది.

తర్వాత వ్యాను తలుపు తీసుకుని దిగింది. ఐదు నిమిషాల్లో వస్తానని మాస్టారికి చెప్పి, ఆవిడ చేయి పట్టుకుని సందులోకి నడిచింది. మాస్టారు గడియారం చూసుకోలేదు. ద్వారం నీడలో ఒక రాయి చూసుకుని కూర్చున్నారు.