కొండబాబు మాత్రలు

షామియానా మూడో గొట్టం నిలబెట్టి తాడు బిగిస్తుంటే సాల్మన్‌రాజు వేళ్లు మళ్లీ వణికాయి. ముడి జారిపోయింది. టెంట్ హౌస్ యజమాని సింహాద్రి వ్యాన్ దగ్గర నుంచే చూశాడు.

"ఏటిరా, పీటల మీద పెళ్లికొడుకులా అదిరిపోతన్నావు? పైకెక్కకు. కిందనుండి తాడు లాగు, సాలు."

సాల్మన్‌రాజు మళ్లీ తాడు అందుకున్నాడు. పెళ్లికైనా చావుకైనా అవే గొట్టాలు, అదే నీలిగుడ్డ. పెళ్లికైతే అంచులకు కుచ్చులు కడతారు. ఈ రోజు కుచ్చులు వ్యాన్‌లోనే ఉండిపోయాయి.

మాకవరపాలెం రోడ్డు దాటాక ఉన్న ఆ కాలనీలో చాలా గోడలకు పూత లేదు. పోయింది కొండబాబు. వాడూ సాల్మన్‌రాజూ ఈ ఇంటి వెనక, ఎవరో సగం కట్టి వదిలేసిన గదిలో కూర్చుని మాత్రలు మింగేవారు. నొప్పికి ఒకటి వేసుకునే మాత్ర వాళ్లు గుప్పెడు వేసుకునేవారు. ఆ తరవాత ఆకలి తెలిసేది కాదు, సిగ్గూ తెలిసేది కాదు. దసరా వెళ్లాక సాల్మన్‌రాజు మానేశాడు. కూతుర్ని తీసుకుని గొలుగొండలోని పుట్టింటికి వెళ్లిపోయిన అతని భార్య సోఫియా, "క్రిస్మస్ దాకా ముట్టకుండా ఉండు, వస్తాం" అంది.

స్నేహితుడి మొహం చూస్తే ఏడుపొస్తుందనుకున్నాడు. రాలేదు. వెళ్లి కుర్చీలు దించాడు.

కొండబాబు తల్లి లోవమ్మ సాల్మన్‌రాజు చేతులకేసి చూసింది. లోపలికి వెళ్లి సగం వాడిన మాత్రల అట్ట తెచ్చింది.

"ఒళ్లు నొప్పులా నాయినా? మావోడికీ ఇలాగే వణికేది. ఇయ్యేసుకుంటే బేగి తగ్గిపోయేది. పారేత్తే ఏటొత్తది, ఉంచుకో."

అతని నోట్లో నీళ్లూరాయి. వద్దంటే ఎందుకో చెప్పాలి. కొండబాబు గుండె ఆగిపోయిందని డాక్టరు చెప్పాడు. ఆమె అదే నమ్మింది. అట్ట తీసుకుని జేబులో పెట్టుకున్నాడు. కుర్చీలు వేస్తున్నంతసేపూ చెయ్యి జేబు దాకా పోయి వెనక్కి వస్తూనే ఉంది.

పాడె మీద పడుకోబెట్టాక, వాడికి ఇష్టమైనవేవైనా ఉంటే పెట్టమన్నారు పెద్దలు. ఎవరో బీడీకట్ట పెట్టారు. మేనత్త అప్పాయమ్మ రెండు జంతికలు పెట్టింది. సాల్మన్‌రాజు వంగి, బంతిపూల కింద అట్ట దూర్చాడు.

లోవమ్మ చూసి పైకి తీసింది.

"ఇంక ఆడికి నొప్పులేటి నాయినా? నీకే కావాల." అతని అరచేతిలో పెట్టి, వేళ్లు తనే మూసింది.

మూసిన ఆ గుప్పిట్లో అట్ట చల్లగా ఉంది.

"నొప్పులకి కాదమ్మా," అన్నాడు. "మత్తుకి మింగేవోళ్లం. ఇయ్యే తినేసాయి ఆణ్ణి. నన్నూ తినేసును."

లోవమ్మ కళ్లార్పకుండా చూసింది.

"మరి నేనే కదరా కొనితెచ్చీదాన్ని," అంది. "షాపోడికి కాళీ అట్ట సూపించి, ఇయ్యే ఇమ్మనీదాన్ని."

డప్పులు మొదలయ్యాయి. ఆమె అతని గుప్పిట విప్పి, అట్ట తీసి కొంగున ముడేసుకుంది.

"రాజూ, ఓ భుజం పట్టరా!" ఎవరో కేకేశారు. వెళ్లి పట్టాడు. చెయ్యి వణుకుతున్నా మోయడానికి భుజం సరిపోయింది.

శ్మశానం నుంచి వచ్చేసరికి ఇంట్లో ఎవరూ లేరు. లోవమ్మను ఆడవాళ్లు స్నానానికి తీసుకుపోయారు. అతను కుర్చీలు ఒకదానిలో ఒకటి పేర్చడం మొదలుపెట్టాడు. గుమ్మం పక్క మేకుకు ఆమె బజారు బుట్ట వేలాడుతోంది. దాని అడుగున, షాపులో చూపించడానికి జాగ్రత్తగా మడిచి పెట్టుకున్న ఖాళీ అట్ట ఉంది.