మిల్లు రొద మీద ఒక వాక్యం

మూలం కళ్లారా చూడకుండా ఒక్క ముక్క రాయొద్దని లైబ్రేరియనమ్మ ఏటా కొత్త విద్యార్థులకి నూరిపోసేది. చాలామంది ఈ చెవిన విని ఆ చెవిన వదిలేసేవాళ్లు. మనసు పెట్టి విన్నది ఒక్క పిల్ల. పొద్దస్తమానం తనకి మించిన పుస్తకాల బరువు మోసుకు తిరుగుతుందని అందరూ ఆ పిల్లని చీమ అనేవారు.

చీమ థీసిస్ నేత మిల్లుల రొద మీద. "మొదటి ఐదేళ్లు ఆ రొద వల్ల చెవికి హాని లేదు" అన్న వాక్యం ఎవరి థీసిస్ తీసినా ఉంది. ఒకరిని చూసి ఒకరు రాసుకున్నారు. చీమ ఒక్కొక్కటే పట్టుకుని వెనక్కి పోతే చివరికి ఒక పాత నివేదిక పేరు తేలింది. లైబ్రేరియనమ్మ నానా తంటాలు పడి వేరే ఊరి లైబ్రరీ నుంచి దాన్ని తెప్పించింది. ఇద్దరూ తెరిచి చూశారు. పరీక్ష చేసింది అద్దాల గదిలో కూర్చునే గుమాస్తాలని. మరమగ్గాల దగ్గర నిలబడేవాళ్ల ఊసే లేదు.

"మా నాన్న మిల్లులో చేరిన మూడో ఏడే చెవులు పోయాయి మేడమ్. నాకు ముందే అనుమానం!" అంది చీమ. లైబ్రేరియనమ్మకి పట్టరాని సంబరం.

ఆ సంబరం చీమ థీసిస్ గైడు గది గుమ్మం దాకానే. ఆ వాక్యాన్ని మొట్టమొదట ఎత్తి రాసిన మహానుభావుడు ఆయనే. "అది ఉంటేనే సంతకం," అని తేల్చేశాడు. లైబ్రేరియనమ్మ నివేదిక పట్టుకెళితే, "మీరు పుస్తకాలు సర్దుకోండమ్మా," అన్నాడు. ప్రిన్సిపాల్ దగ్గరికెళితే, "గైడు ఇష్టమమ్మా," అని తప్పించుకున్నాడు.

థీసిస్ ప్రతి ఒకటి లైబ్రరీలో ఇచ్చి రసీదు తీసుకుంటే తప్ప పట్టా చేతికి రాదు. చీమ తలెత్తకుండా దాన్ని బల్ల మీద పెట్టింది.

"ఆ వాక్యం పెట్టావా?"

"పెట్టాను. కింద నివేదిక పేరు, పేజీ నంబరు కూడా రాశాను, మీరు నేర్పినట్టే." రసీదు పుస్తకం వైపు చూస్తూ అంది: "నేర్పకపోయినా బాగుండేది మేడమ్."

రసీదు ఇవ్వనంటే పిల్ల చదువంతా బూడిదలో పోసిన పన్నీరే. లైబ్రేరియనమ్మ ముద్ర వేసి ఇచ్చింది. తన మీద తనకే అసహ్యం వేసింది.

వారం తిరక్కుండా ఇంకో విద్యార్థిని ఆ థీసిస్ తీసుకుని కూర్చుంది. రాసుకుంటున్నదేమిటో చూసి లైబ్రేరియనమ్మ పరుగున వెళ్లింది.

"అది తప్పమ్మా. నేను మూలం చూశాను."

ఆ పిల్ల మర్యాదగానే నవ్వింది. "సారు సంతకం ఉంది కదా మేడమ్," అని ఆ వాక్యంలో మిగతా సగం రాసుకుంది.