రెండు వేళ్ల తేడా

నేను ఒక ఇనుప పుల్లను. మూరెడు పొడవు, చిటికెన వేలి కన్నా సన్నం. పైన పట్టుకోవడానికి ఓ వంకీ, కింద రెండు గీతలు. ఇంజన్‌లో ఆయిలు ఎంతుందో చూడటానికి నన్ను ముంచి తీస్తారు. మెకానిక్కులు గేజి అంటారు. పై గీత దాకా తడిస్తే ఆయిలు నిండుగా ఉన్నట్టు, కింది గీత కన్నా దిగితే ప్రమాదం. నాకు నోరు లేదు. ఎంత తడిస్తే అంత చూపించడమే నా మాట. ఆ మాటతోనే ఒక మంచివాడి బతుకుతెరువును బుగ్గి చేయబోయాను. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు చల్లబడుతుంది.

నేను పుట్టింది ఒక కాలవల శాఖ జీపు కోసం. ఇరవై ఏళ్లు దాని ఇంజన్‌లో మునిగి తేలాను. జీపులో ఎక్కిన ఇంజనీర్లు కాలవలో నీళ్ల లోతు చూసిందానికన్నా డ్రైవరు నాతో ఆయిలు లోతు చూసిందే ఎక్కువ. చివరికి జీపును ముక్కలు చేసి అమ్మేశారు. బెజవాడ ఆటోనగర్‌లో ఓ పాత సామాన్ల కొట్టులో నన్ను నాలాంటి పాతికమందితో కలిపి తీగకు గుచ్చి వేలాడదీశారు. అక్కడ ఎవరు ఏ బండివాళ్లమో అడిగే నాథుడు లేడు.

ఒకరోజు తణుకు నుంచి బుల్లబ్బాయి వచ్చాడు. అరవై దాటిన మనిషి. వాళ్ల నాన్న కాలం నాటి నల్ల కారు ఒకటుంది ఆయనకు. చుట్టుపక్కల ఊళ్లలో పెళ్లికొడుకును ఊరేగించాలంటే ఆ కారే రావాలి. దాని గేజిని మడ్‌గార్డు మీద పెట్టి, తుడిచే గుడ్డ కోసం లోపలికెళ్లి, ఎవరో పిలిస్తే మాటల్లో పడి, అలాగే కారెక్కి పోయాడట. అసలు గేజి ఏ రోడ్డున పడిందో దేవుడికే తెలియాలి. ఆ కారు భాగాలు ఎక్కడా దొరకవు. తీగ మీద ఉన్నవాటిలో నేను, కొట్టు ముందు ఆపిన ఆ కారు గేజి రంధ్రంలో చక్కగా పట్టాను. పట్టాను కాబట్టి సరిపోయాననుకున్నాడు.

నా మెడ దగ్గర చిన్న బిళ్ల ఉంటుంది. రంధ్రం మూతి దగ్గర అది ఆపితే నేను ఆగుతాను. కొత్త ఇంజన్‌లోకి దిగిన మొదటిరోజే నాకు తెలిసిపోయింది. ఈ కారుకు నేను రెండు వేళ్లు పొడుగు. ఉండాల్సినదాని కన్నా లోతుకు దిగి, అడుగున ఉన్న ఆయిల్లో పీకల దాకా మునిగాను. పైకి తీస్తే పై గీత దాకా నిగనిగలాడుతోంది.

"నిండా ఉందిరా దేవుడా!" అని బుల్లబ్బాయి హారతి కళ్లకద్దుకున్నట్టు నన్ను కళ్లకద్దుకున్నాడు.

లేదు మహానుభావా, అడుగునే ఉంది అని అరవాలనిపించింది. ఎలా అరుస్తాను?

ఆ రోజు నుంచి ప్రతి ఉదయం ఇదే తంతు. తువ్వాలు కొంగుతో తుడవడం, ముంచడం, తీయడం, కళ్లకద్దుకోవడం. నా గీతకు కాస్త తగ్గితే చెంచాడు పోసి గీతకు తెచ్చేవాడు. ఆ కళ్లు తగిలినప్పుడల్లా సిగ్గుతో చచ్చేవాణ్ణి. నేను అబద్ధమాడలేదు, తడిసినంతే చూపించాను. అయినా ఆయన మోసపోతూనే ఉన్నాడు.

డ్యాష్‌బోర్డు మీద ఆయిలు ప్రెషరు చూపించే ముల్లు ఒకటుంది. నేను తప్పుచెప్పినా అది నిజం చెబుతుందని ఆశపడ్డాను. ఆ ముల్లు అంతకు ముందే వణకడం మొదలుపెట్టిందట. చూస్తే గుండె దడగా ఉంటోందని బుల్లబ్బాయి సరిగ్గా దాని మీదే అన్నవరం సత్యనారాయణస్వామి పటం అతికించాడు. మనుషులు భయం వేస్తే కారణాన్ని వెతకరు, కనపడకుండా మూస్తారు. స్వామి చిరునవ్వు నవ్వుతుంటే ఆయన వెనకాల ముల్లు వణుకుతూనే ఉంది.

పెళ్లి ఊరేగింపు అంటే ఇంజన్‌కు నరకం. మనిషి నడక కన్నా నెమ్మదిగా గంటా గంటన్నర సాగాలి. గాలి ఆడదు, వేడి దిగదు, ఉన్న కాస్త ఆయిలూ నీళ్లలా పలచబడుతుంది. ఒక సాయంత్రం అత్తిలిలో ఊరేగింపు. వెనక సీట్లో పెళ్లికొడుకు, ముందు సన్నాయి, డోలు. సగం వీధి దాటేసరికి లోపల ఇనుముకు ఇనుము తగలడం మొదలైంది. టక్, టక్, టక్. నా ఒళ్లంతా అదిరిపోయింది. ఈ క్షణం ఇంజన్ బిగుసుకుపోయి పట్టేస్తుందా, మరో క్షణం ఓర్చుకుంటుందా అని ప్రాణాలు ఉగ్గబట్టుకున్నాను. ఇంజన్ పట్టేస్తే ఇక అంతే, దానికి మళ్లీ ప్రాణం పోసేవాళ్లు లేరు.

ముందు సీట్లో ఉన్న బుల్లబ్బాయి భార్య మంగాయమ్మ చెవి ఒగ్గింది. "ఏవండీ, ఏదో కొట్టుకుంటున్నట్టు లేదూ?"

"డోలు అది. ఊరుకో."

"డోలు ఆపేసి అప్పుడే చాలాసేపయ్యింది."

పెళ్లివారింటి ముందుకు చేరేదాకా స్టీరింగు మీద ఆయన పట్టు సడల్లేదు.

మర్నాడు పొద్దున్నే ఇస్సాకు మేస్త్రిని పిలిపించారు. ఆ సాయంత్రమే మరో పెళ్లి ఒప్పుకున్నారు మరి. మేస్త్రి నన్ను తీసి చూశాడు. పై గీత. "ఆయిలుకేం ఢోకా లేదండి. పాతబడిపోయుంటది, మార్చేద్దారి" అన్నాడు.

మంగాయమ్మ ఆవకాయలు పెట్టి అమ్ముతుంది. పందిరి గుంజలకు చెదలు పట్టకుండా పూయడానికి పాత ఆయిలు కావాలని, గీతలున్న ఓ పాత లీటరు డబ్బా తెచ్చి ఇంజన్ కింద పెట్టింది. మేస్త్రి అడుగు నట్టు విప్పితే, నిండిన డబ్బా బకెట్లోకి ఒంపి మళ్లీ పెట్టింది. కొలవకుండా ఏ నూనెనూ ఒంపే అలవాటు ఆమెకు లేదు. రెండు డబ్బాలు, మూడోది సగం. అంతటితో ధార ఆగి చుక్కలు పడ్డాయి.

బానెట్ మూత లోపలి వైపు బుల్లబ్బాయి తండ్రి తెల్లరంగుతో రాసిన అక్షరాలున్నాయి: 'ఆయిలు నాలుగు లీటర్లు'.

"నాలుగుండాలి కదా. మిగతా లీటరున్నరా ఏదీ?" అంది మంగాయమ్మ.

"పాత ఇంజనండి. మండిపోయుంటది."

"మండిపోతే మరి ఆ పుల్ల నిండుగా ఎందుకు చూపించిందయ్యా?"

మేస్త్రి నన్ను చూశాడు. బుల్లబ్బాయి నన్ను చూశాడు. ఇన్నాళ్లకు ఒకరు అడగాల్సిన ప్రశ్న అడిగారని నాకు ఏడుపొచ్చినంత పనైంది.

కొత్త ఆయిలు నాలుగు లీటర్లు కొలిచి పోశారు. నన్ను ముంచి తీశారు. పై గీతకు రెండు వేళ్ల పైదాకా తడిశాను. మేస్త్రి కంగారుపడ్డాడు. "ఎక్కువైపోయిందండి! సీళ్లు పగిలి కారిపోద్ది. లీటరున్నర తీసేద్దారి" అంటూ స్పానరు పట్టుకుని కిందికి దూరాడు.

నట్టు మీద స్పానరు బిగిసిన చప్పుడు వినపడింది. ఆ ఒక్క తిప్పు తిప్పితే మళ్లీ మొదటికే వస్తుంది. సాయంత్రం ఊరేగింపులో ఇంజన్ మిగలదు. ఆపేవాళ్లెవరూ లేరా అని అల్లాడిపోయాను.

"ఆగవయ్యా" అంది మంగాయమ్మ. మొగుడివైపు తిరిగింది. "ఏవండీ, మీ నాన్నగారు చేత్తో రాసింది తప్పా, మీరు బజార్లో కొనుక్కొచ్చిన పుల్ల తప్పా? ఏదో ఒకటి తేల్చండి."

బుల్లబ్బాయి నన్ను చేతిలో అటూ ఇటూ తిప్పి చూశాడు. రోజూ కళ్లకద్దుకున్న వస్తువును అనుమానించడం అంత తేలిక కాదు. చివరికి కారులో కూర్చుని, స్వామికి దండం పెట్టుకుని, గోటితో పటం అంచు లేపాడు. ఇంజన్ స్టార్ట్ చేశాడు. ముల్లు లేచింది. వణకలేదు. మధ్య గీత దాటి నిటారుగా నిలబడింది. టకటక లేదు. మంగాయమ్మ బానెట్ మీద చెయ్యేసి కళ్లు మూసుకుంది.

"బజారు పుల్లదేనండి తప్పు" అన్నాడు మేస్త్రి, కింద నుంచి బయటికొస్తూ. నాకు కోపం రాలేదు. ఎవరో ఒకరు ఆ మాట అనాలనే కదా ఇన్నాళ్లూ ఎదురుచూశాను.

నన్ను రాయి మీద పెట్టి, తడిసిన చోటు చూసి హాక్సా బ్లేడుతో కొత్త గీత కోశారు. పాత గీతలు రెండూ ఆకురాయితో అరగదీశారు. నొప్పి పుట్టింది. ఇన్నాళ్లూ మోసిన బరువు మాత్రం దిగిపోయింది. స్వామి పటం పక్కనున్న, ఎప్పుడో ఆగిపోయిన గడియారం మీదికి మారింది. ఆ సాయంత్రం తణుకు బజారులో గంటన్నర ఊరేగాం. ఇంజన్ కిక్కురుమనలేదు.

ఆ మర్నాటి నుంచి బుల్లబ్బాయి నన్ను కళ్లకద్దుకోవడం మానేశాడు. మొదట్లో మనసు కష్టపడింది. పొద్దున్నే ఆయన చెయ్యి తాకగానే ఆ కళ్ల కోసం చూసేవాణ్ణి అలవాటుగా. ఇప్పుడు తుడుస్తాడు, ముంచుతాడు, కొత్త గీత చూస్తాడు, తర్వాత వెళ్లి ముల్లు చూస్తాడు. అయినా అనుమానం తీరకపోతే ఇంట్లోకి కేకేస్తాడు. ఆ కేక విన్నప్పుడల్లా నాకు కంటినిండా నిద్రపట్టినంత హాయిగా ఉంటుంది.

ఇవాళ పొద్దున కూడా కేకేశాడు.

"మంగా, ఆ లీటరు డబ్బా ఇలా తే. దీని మాట ఓసారి కొలిచి చూద్దాం."