ఇల్లులాగే ఉంది సార్

ఇల్లులేనివాళ్ళ కోసం నగరానికి ప్రభుత్వ గ్రాంటు వచ్చింది. నలభై గదులు కట్టారు. అందులో ఒకటి తనదేనని బస్టాండు గోడ పక్కన చేతిమిషను పెట్టుకుని బట్టలు కుట్టే టైలరక్క గట్టిగా నమ్మింది. నమ్మక ఏం చేస్తుంది, మాట ఇచ్చింది తమ్ముడు. తోడబుట్టినవాడు కాదు. అదే గోడ పక్కన ఆమె దుప్పట్లో సగం కప్పుకుని మూడు చలికాలాలు గడిపినవాడు. ఇప్పుడు మెడలో కార్డు వేసుకుని గ్రాంటుతో నడిచే షెల్టరుకు సూపర్‌వైజరయ్యాడు.

గది వస్తే హాస్టల్లో ఉన్న కూతుర్ని తెచ్చుకోవచ్చు. ఆమెకు కావలసింది అంతే.

"గదులెవరికివ్వాలో సర్వే అయ్యేదాకా షెల్టరులో పడుకో అక్కా" అన్నాడు తమ్ముడు. గోడ దగ్గరున్న మిగతా పదకొండు మందినీ వెంటబెట్టుకుని వెళ్ళింది. సర్వే రోజు పొద్దున్నే పక్కకు పిలిచాడు.

"పెద్దసార్లు వస్తున్నారు. నా పరువు నీ చేతుల్లో ఉంది. ఎలా ఉందని అడిగితే ఇల్లులాగే ఉందని చెప్పు."

"నీ పరువు చిరిగితే కుట్టడానికి నేనున్నాగా" అని నవ్వింది.

అధికారి అడిగాడు. "ఇల్లులాగే ఉంది సార్. మాకేం లోటు లేదు" అంది. పదకొండు మందీ అదే చెప్పారు. అక్క చెప్పాక ఇంకోమాట ఎందుకు చెబుతారు?

పది రోజులకు గదులు వచ్చినవాళ్ళ జాబితా అంటించారు. అందులో ఈ పన్నెండు మంది పేర్లలో ఒక్కటీ లేదు. గుమాస్తా సర్వే కాగితం తిప్పి చూపించాడు. ఆమె పేరుకెదురుగా గడిలో ‘నివాసం ఉంది’ అని రాసి ఉంది.

"గదులు రోడ్డు మీదున్నవాళ్ళకేనమ్మా. మీకు ఇల్లులాగే ఉందన్నారుగా. కింద సంతకం మీ సూపర్‌వైజరుదే. బస్టాండు గోడ దగ్గర ఎవరూ లేరని కూడా ఆయనే రాసిచ్చాడు."

షెల్టరులో నెలకు మించి ఉండనివ్వరు. ఆ నెల నిండగానే మిషను మోసుకుని గోడ దగ్గరికొచ్చింది. అక్కడ పూలకుండీలు పెట్టేశారు. రెండు కుండీలు కాలితో నెట్టి కూర్చుంది.

సాయంత్రం తమ్ముడొచ్చాడు.

"గోడ ఖాళీ అయిందని చూపిస్తేనే రెండో విడత గ్రాంటు వస్తుందక్కా. పైనుంచి ఒకటే ఒత్తిడి. వచ్చే ఏడు నీ పేరే ముందు రాస్తా."

"అంటే తెలిసే చెప్పించావు."

అతను మెడలో కార్డు సవరించుకున్నాడు. "రేపు ఇక్కడ ఫొటోలు తీస్తారు. కాస్త అవతలికి జరుగు."

ఆమె తలెత్తకుండా సూదిలో దారం ఎక్కించింది.

"జరగను సార్."

అతని మొహం మాడిపోయింది. "నేను నీకు సార్ ఏంటక్కా?"

"ఫొటోవాళ్ళను రమ్మనండి. ఎక్కడుంటున్నావని అడిగితే ఈసారి ఉన్నదే చెబుతాను."

ఆమె వెనక పదకొండు మంది మిగతా కుండీలు జరుపుతున్నారు.