దేవుడి గదిలో తుపాకీ

బస్సు పెడన దాటేసరికే శామ్యూల్ రాజ్‌కి చిరాకు మొదలైంది. ఏటా దసరాకి మూడు రోజుల ముందు బందరులో ఇదే బస్సెక్కుతాడు, ఒళ్ళో ఇదే ఖాకీ సంచి పెట్టుకుంటాడు, పక్క సీటువాడు ఇదే సంగతి అడుగుతాడు. సంచిలోంచి ఇత్తడి రాడ్డు కొన బయటికి కనిపిస్తుంది కాబట్టి అదేమిటన్న దగ్గర మొదలవుతుంది. తుపాకులు శుభ్రం చేసేదని చెప్పాడంటే ఇక రెండు ప్రశ్నలు తప్పవు. తుపాకీ ఎంతుంటుంది, మీరు ఎంతమందిని చంపారు. మొదటిదానికి తెలిసింది చెబుతాడు. రెండోదానికి కిటికీలోంచి బయటికి చూస్తాడు.

అరవై ఏడేళ్ళ మనిషి. ముప్ఫై ఒక్క ఏళ్ళు జిల్లా సాయుధ పోలీసుల ఆయుధాగారంలో తుపాకులు తుడిచి, విప్పి, బిగించి రిటైరయ్యాడు. కుడి భుజం ఎడమదానికంటే రెండు వేళ్ళు కిందికి ఉంటుంది. గోళ్ళ చుట్టూ పట్టిన నూనె నలుపు ఏ సబ్బుకీ లొంగలేదు. ఎడమ చెవి సరిగ్గా వినపడదు. రిటైరయ్యాక కోనేరు సెంటర్ వెనక సందులో ఒక తుపాకుల కొట్టులో కూర్చుంటున్నాడు. ఆ కొట్టులో కొనేవాళ్ళు ఏడాదికి ఇద్దరొస్తే గొప్ప. ఉన్న పనల్లా దసరా ముందే. ఆయుధపూజకి తాతలనాటి తుపాకులు తళతళలాడాలి కాబట్టి, లైసెన్సు ఉన్న ఇళ్ళవాళ్ళు కొట్టుకి ఫోన్ చేస్తారు, యజమాని అతన్ని పంపిస్తాడు.

ఆ తుపాకులు ఎందుకో అతనికి ఈనాటికీ అర్థం కాలేదు. పులి లేదు, పందికొక్కు తప్ప పెద్ద జంతువు లేదు. ఈ పల్లపు నేలలో తుపాకీతో కొట్టాల్సినంత శత్రువు దోమ ఒక్కటే. అయినా ఇంట్లో తుపాకీ ఉందంటే ఆ ఇంటి మనిషి కుర్చీలో కూర్చునే తీరే మారిపోతుంది. ఎన్నికలొచ్చి, కోడ్ పెట్టి, తుపాకులన్నీ స్టేషన్లలో అప్పజెప్పమన్నప్పుడు మాత్రం శామ్యూల్ రాజ్ రెండు నెలలూ హాయిగా నిద్రపోతాడు. అందరూ ఎన్నికలు త్వరగా అయిపోతే బాగుండునని అనుకుంటుంటే, ఏడాది పొడుగునా జరిగితే బాగుండునని అనుకునేవాడు అతనొక్కడే.

గుడివాడలో దిగి, ఏలూరు రోడ్డులో గోవర్ధనరావు ఇంటికి నడిచాడు. గోవర్ధనరావుకి మండవల్లి వైపు చేపల చెరువులున్నాయి. తుపాకీ వాళ్ళ నాన్నది. జోడుగొట్టాల పన్నెండు బోరు, నున్నటి అక్రూటు కర్ర మడమ. నాన్న పోయాక లైసెన్సు కొడుకు పేరు మీదికి మారింది గానీ, తుపాకీ మాత్రం దేవుడి గదిలో మూలన నిలబడ్డ చోటి నుంచి కదల్లేదు.

గోవర్ధనరావు భార్య ప్రభావతి మజ్జిగ ఇప్పించి, తుపాకీని వెనక వసారాలోకి తెప్పించింది. పనిమనిషి సీతమ్మ దాన్ని చంటిపిల్లలా చంకనేసుకొచ్చి పాత దినపత్రిక మీద పెట్టింది. శామ్యూల్ రాజ్ అలవాటు ప్రకారం గొట్టాన్ని ఖాళీ గోడవైపు తిప్పాడు. పైనున్న మీటని బొటనవేలితో పక్కకి నొక్కి, గొట్టాల్ని కిందికి వంచాడు. తుపాకీ మధ్యలో మడత విప్పుకుంది.

లోపల రెండు ఇత్తడి బిళ్ళలు మెరిశాయి. రెండు గొట్టాల్లోనూ తూటాలున్నాయి.

పోయిన దసరాకి శామ్యూల్ రాజ్ ఇదే వసారాలో, ఇదే చేత్తో, దీన్ని ఖాళీగా అప్పజెప్పాడు. మెల్లగా ఒకదాని తర్వాత ఒకటి బయటికి లాగి కాగితం మీద పెట్టాడు. అట్టతూటాలు, తేమకి ఉబ్బి ఉన్నాయి, ఇత్తడి మీద పచ్చటి చిలుము.

“అమ్మా, ఇవి ఎవరు పెట్టారండీ?”

“నేనే పెట్టించానండీ, పోయినేడు పూజకి,” అంది ప్రభావతి, ఏ తప్పూ లేనట్టు. “ఖాళీదాన్ని అమ్మవారి ముందు ఎలా పెడతాం చెప్పండి? ఖాళీ బిందె పెట్టం, ఖాళీ పళ్ళెం పెట్టం. మా అత్తగారి కాలం నుంచీ నింపే పెడతాం. మీరు శుభ్రం చేసి వెళ్ళాక ఆయన పెట్టేవారు, పూజవగానే తీసేసేవారు. పోయినేడు చుట్టాలొచ్చారు కదండీ, ఆ హడావుడిలో మర్చిపోయాం.”

“ఏడాదమ్మా. ఏడాది పాటు మర్చిపోయారు.”

ఆ గొంతుకి ప్రభావతి ముఖం చిన్నబోయింది. అప్పుడే గోవర్ధనరావు పొట్ట మీద తువ్వాలు సర్దుకుంటూ వచ్చాడు. సంగతి విని నవ్వాడు.

“ఏవైందయ్యా ఇప్పుడు? పేలిందా? లేదుగా. దానికి సేఫ్టీ ఉందిగా.”

“సేఫ్టీ వేలితో నొక్కే గుర్రాన్ని మాత్రమే పట్టుకుంటుందండీ. లోపల స్ప్రింగు అరవై ఏళ్ళది. ఆ మూలన జారి గచ్చు మీద పడితే చాలు, గుర్రంతో పనిలేకుండా పేలుద్ది.”

“అరవై ఏళ్ళ నుంచి పడనిది ఇవాళ పడుద్దా?” గోవర్ధనరావు కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. “నువ్వు పోలీసోడివి కాబట్టి జనం దగ్గర తుపాకులుండకూడదంటావ్. మొన్న మా చెరువులో దొంగలు వల వేసి రెండు టన్నుల చేప ఎత్తుకుపోయారు. స్టేషన్‌కి ఫోన్ చేస్తే తెల్లారి టిఫిన్ చేసి వచ్చారు. మనకి మనవే దిక్కు. మగాడి ఇంట్లో ఒకటి ఉండాలి.”

ఆ మాటలో నిజం లేకపోలేదని శామ్యూల్ రాజ్‌కీ తెలుసు. స్టేషన్ సంగతి అతనికి తెలిసినంత గోవర్ధనరావుకి తెలియదు కూడా.

“మరి ఆ పూట తుపాకీ ఎక్కడుందండీ?”

“ఎక్కడుంటుంది? ఇక్కడే.”

“చెరువు పాతిక కిలోమీటర్ల దూరంలో. తుపాకీ దేవుడి గదిలో. దానివల్ల దొంగకి భయం లేదండీ, ఇంట్లోవాళ్ళకే భయం.”

గోవర్ధనరావుకి నవ్వు పోయింది. “సరేలే, నీ పని నువ్వు కానీ. శుభ్రం చేశాక కొత్త తూటాలు పెట్టేసి వెళ్ళు. ఈసారి నాకా శ్రమ లేకుండా.”

“నా చేత్తో పెట్టనండీ.”

“నువ్వు పెట్టకపోతే నాకు చేతకాదా?” అంటూ లేచి లోపలికి వెళ్ళిపోయాడు. ప్రభావతి ఆయన వెనకే వెళ్ళింది.

శామ్యూల్ రాజ్ రాడ్డు ముక్కలు బిగించి గొట్టంలో పేలిక తోశాడు. తోస్తున్నంతసేపూ పళ్ళు కొరుకుతూనే ఉన్నాడు. ఎవరికి చెప్పాలి? లైసెన్సున్న మనిషి, సొంత ఇల్లు, సొంత తుపాకీ. స్టేషన్లో చెబితే ఎస్సై గారొచ్చి కాఫీ తాగి వెళ్తాడు. సంచిలో ఆకురాయి ఉంది. తూటాని వెనక నుంచి కొట్టే సూదులు రెండున్నాయి కదా, వాటిని రెండు నిమిషాలు అరగదీస్తే ఈ తుపాకీ జన్మలో పేలదు, సంగతి ఎవరికీ తెలియదు. ఆకురాయి బయటికి తీశాడు కూడా. ఆరేడుసార్లు చేతిలో తిప్పి మళ్ళీ సంచిలో పడేశాడు. నమ్మి అప్పజెప్పిన ఆయుధాన్ని చెడగొట్టడం ఆయుధాగారంలో చేసిన మనిషికి చేతకాదు. ఆ చేతకానితనం మీద కూడా అతనికి కోపమొచ్చింది.

పని ముగిసింది. తుపాకీ మూసి గోడకి ఆనించి, చేతులు కడుక్కోవడానికి కుళాయి దగ్గరికి వెళ్ళాడు. తిరిగి వచ్చేసరికి సీతమ్మ వసారా తుడుస్తోంది. కింద తుడవడానికి తుపాకీ అడ్డమైంది. గొట్టం కొన పట్టుకుని లేపి, గుండెకి ఆనించుకుని, వంగి తడిగుడ్డ తోసింది. గొట్టాలు రెండూ ఆమె గడ్డం కింద ఉన్నాయి.

“ఏడాదంతా ఇట్టాగే తుడుస్తావా సీతమ్మా?”

“ప్రతి శుక్రవారం అన్నయ్యగారూ. దేవుడి గది కదా, మూలమూలా కడగాలి. ఇది తీసి అటు పెడతా, మళ్ళీ ఇటు పెడతా. బరువుంటది.”

యాభై రెండు శుక్రవారాలు. శామ్యూల్ రాజ్ మెట్టు మీద కూర్చున్నాడు.

అతనికి పున్నయ్య గుర్తొచ్చాడు. గుర్తు రాని రోజుంటే గదా. పున్నయ్య కానిస్టేబుల్, అతనికంటే మూడేళ్ళు చిన్న, బావా అని పిలిచేవాడు. ఒక సాయంత్రం డ్యూటీ దిగి వచ్చి రైఫిల్ బల్ల మీద పెట్టాడు. ఖాళీయేనా అని శామ్యూల్ రాజ్ అడిగాడు. ఖాళీయే బావా అన్నాడు పున్నయ్య. తెరిచి చూడటానికి ఒక్క క్షణం పడుతుంది. ఆ క్షణం ఖర్చు పెట్టకుండా, రోజూ చేసినట్టే స్ప్రింగు వదలడానికి గుర్రం నొక్కాడు. పున్నయ్య బల్లకి అవతల నిలబడి బెల్టు విప్పుకుంటున్నాడు. విచారణలో ప్రమాదమనే రాశారు. పున్నయ్య భార్య కూడా ప్రమాదమనే అంది. ఎడమ చెవి ఆ రోజే పోయింది. బస్సులో వాళ్ళడిగే రెండో ప్రశ్నకి జవాబు ఒకటి. అది ఎవరికీ చెప్పడు.

“సీతమ్మా, ఆ గుడ్డ అక్కడ పెట్టి ఇట్టా రా.”

లైసెన్సు లేని చేతికి తుపాకీ ఇవ్వకూడదు. ఆ రూలు అతను ఎంతమంది కుర్ర కానిస్టేబుళ్ళకి నేర్పాడో లెక్కలేదు. అయినా తుపాకీ తీసి ఆమె చేతుల్లో పెట్టాడు.

“ముందు దీని మూతి గోడవైపు తిప్పు. మనిషి ఉన్న వైపు వద్దు, నీ వైపు అసలొద్దు. ఆఁ, అట్టా. ఇప్పుడు ఈ మీట బొటనవేలితో పక్కకి నెట్టు.”

“అమ్మో, రావట్లా.”

“వత్తు. వస్తది. గొట్టాలు కిందికి వంచు.”

టక్కుమని తెరుచుకుంది. సీతమ్మ ఉలిక్కిపడింది గానీ వదల్లేదు.

“ఆ బొక్కల్లోంచి చూడు. అవతల వెలుతురు కనపడతందా?”

“కనపడతంది. రెండిట్లోనూ.”

“అయితే ఖాళీ. వెలుతురు కనపడకపోతే లోపల తూటా ఉన్నట్టు. గోటితో లాగి తీసి పక్కన పెట్టాలి. ముట్టుకున్నప్పుడల్లా తెరిచి చూడు. అమ్మగారు ఖాళీ అన్నా చూడు, అయ్యగారు ఖాళీ అన్నా చూడు. నేనే వచ్చి చెప్పినా సరే, చూడు.”

“మీరు చెప్పినా నమ్మకూడదా?”

“నేనోసారి ఒకడి మాట నమ్మానమ్మా.”

ఆమె అతని ముఖంలోకి చూసింది. మూసింది, మళ్ళీ తెరిచింది, వెలుతురు చూసింది. మూడోసారి తెరుస్తుండగా గోవర్ధనరావు గుమ్మంలోకి వచ్చాడు.

“ఏవిటిది? పనిమనిషి చేతికి మా నాన్న తుపాకీ ఇచ్చి ఆటలాడిస్తన్నావా? సేఫ్టీ గురించి నాకు పాఠాలు చెప్పేది నువ్వేనా? రూలు ప్రకారం ఇది నేరమా కాదా?”

“నేరమేనండీ.”

“ఇక నువ్వు ఈ గడప తొక్కొద్దు. వచ్చే ఏడు కొట్టు వాళ్ళకి ఇంకెవరినైనా పంపమని చెబుతా.”

శామ్యూల్ రాజ్ రాడ్డు ముక్కలు విప్పి సంచిలో సర్దుకున్నాడు. చిలుము పట్టిన తూటాలు రెండూ గోవర్ధనరావు చేతిలో పెట్టి, వీటిని స్టేషన్లో అప్పజెప్పండి, ఎండలో మాత్రం పెట్టకండి అన్నాడు. ఆయన విన్నాడో లేదో. గేటు దగ్గర సీతమ్మ బకెట్ పట్టుకుని నిలబడి ఉంది. తిట్లు తిన్న ముఖం. ఆమెకి క్షమించమని చెబుదామనుకుని, సంచి భుజానికి తగిలించుకుని గేటు దాటాడు.

తిరుగు బస్సులో నిలబడే వచ్చాడు. గుడ్లవల్లేరులో సీటు దొరికినా కూర్చోబుద్ధి కాలేదు. దాదాపు నలభై ఏళ్ళుగా తుపాకీ గురించి మంచి చెప్పిన ప్రతిచోటా నవ్వారు, కాదంటే విసుక్కున్నారు. చదువుకున్నవాళ్ళు వినలేదు, లైసెన్సున్నవాళ్ళు వినలేదు. విన్నది ఒక్క మనిషి, ఆమెకి చెప్పినందుకు గేటు చూపించారు. ఇవాళో రేపో ఆ మూలన కొత్త తూటాలతో తుపాకీ నిలబడుతుంది, శుక్రవారం వస్తుంది, తడిగుడ్డ వస్తుంది. అతను చేయగలిగింది ఏమీ లేదు. ఇంటికొచ్చాక భార్య కోటేశ్వరమ్మ అన్నం వడ్డిస్తే, ఎవరి మీదో తెలియని కోపంతో సగం కంచం వదిలేశాడు.

క్రిస్మస్‌కి పది రోజుల ముందు శామ్యూల్ రాజ్ పోయాడు. మధ్యాహ్నం అన్నం తిని నడుం వాల్చినవాడు లేవలేదు. తుపాకుల కొట్టు యజమాని ఒక దండ తెచ్చాడు. బందరు పేపర్లో కూడా పడని చావు.

మళ్ళీ దసరా వచ్చింది. ఎంత కోపమున్నా పని తెలిసిన మనిషి అతనొక్కడే కాబట్టి గోవర్ధనరావు కొట్టుకి ఫోన్ చేశాడు. ఆయన లేరండీ, వేరే మనిషి కూడా లేడు అన్నారు. “అయ్యో,” అన్నాడు గోవర్ధనరావు, కాసేపు ఫోన్ చేతిలోనే పట్టుకుని. తర్వాత, ఈ ఏటికి పైపైన తుడిచి పెట్టేయమని భార్యతో చెప్పి చెరువు మీదికి వెళ్ళిపోయాడు.

నవమి పొద్దున్న ప్రభావతి బీరువాలోంచి తూటాల పెట్టె తీసుకుని దేవుడి గదిలోకి వచ్చింది. సీతమ్మ అప్పటికే గది కడిగి, ముగ్గేసి, తుపాకీకి బొట్లు పెట్టి ఉంచింది.

“అవి వద్దమ్మగారూ. నేను నింపేశాను.”

“నువ్వా? దేంతో?”

సీతమ్మ తుపాకీ మూతి గోడవైపు తిప్పి, మీట వత్తి తెరిచింది. గొట్టాలు రెండిట్లోనూ లావుపాటి పసుపుకొమ్ములున్నాయి, బాగా బిగిసేలా ఏరి పెట్టినవి.

“ఖాళీగా ఉండకూడదన్నారు కదమ్మా. పసుపు కంటే నిండుదేముంది అమ్మవారికి? ఆ పోలీసాయన పోయాడంట. ఇంక తెరిచి చూసేవాళ్ళెవరూ లేరు.”

ప్రభావతి ఒకసారి తన చేతిలో పెట్టెని చూసింది, ఒకసారి ప్రతి శుక్రవారం ఆ గొట్టాలు ఆనే సీతమ్మ గడ్డాన్ని చూసింది. తర్వాత పెట్టె తీసుకెళ్ళి బీరువాలో పెట్టి తాళం వేసింది.

పూజ బాగా జరిగింది. మధ్యాహ్నానికి చుట్టాలొచ్చారు, భోజనాలు, ఫొటోలు, హడావుడి. శామ్యూల్ రాజ్ ఉండి ఉంటే పసుపు తేమకి గొట్టం తుప్పు పడుతుందని గొంతు చించుకునేవాడే. తుపాకీ మళ్ళీ తన మూలకి చేరింది. ఈ ఏడు కూడా తీయడం మర్చిపోయారు. కుంకుమబొట్ల వెనక, మూసిన గొట్టాల్లో, రెండు పసుపుకొమ్ములు అలాగే ఉండిపోయాయి.