సంతకం ఆయనది

"కాలరు మీద ఇస్త్రీపెట్టె ఇంకోసారి పోనియ్యి. ఫొటోలో ముడత కనిపిస్తుంది," అన్నారు మా ఆయన, అద్దం ముందు నిలబడి కోటు మీద పతకాలు సర్దుకుంటూ. పొద్దుటి నుంచి అది నాలుగో చొక్కా. మూడు చొక్కాలు ఫొటోగ్రాఫరుకి నచ్చలేదు. నచ్చకపోయిన మూడూ మంచం మీద కుప్పగా పడి ఉన్నాయి, ఎవరో వచ్చి మడతపెడతారన్న ధీమాతో.

ఆయన సైన్యంలో మేజరుగా చేసి వచ్చేసి పదేళ్ళయింది. ఇప్పుడు ఎన్నికల్లో నిలబడ్డారు. ప్రచారం చూసుకోవడానికి పార్టీ ఒక మేనేజరుని పంపింది. పూర్వం సబ్బులకు ప్రకటనలు రాసేవాడట. మా హాల్లో సోఫా మీద బాసింపట్టు వేసుకుని, "ఎదుటివాడు ఎన్ని చెప్పినా మనం ఒక్కటే చెప్దాం మేడమ్. చావుకి ఎదురెళ్ళిన మనిషి గుణానికి వేరే సర్టిఫికెట్ దేనికి? 'సరిహద్దులో చూశాం, సభలో చూద్దాం.' ఎలా ఉంది?" అన్నాడు. నేను టీ కప్పులు తీస్తూ బాగుందన్నాను. ఆ కప్పులు కడగడం అప్పటికి మూడోసారి. బీమా ఆఫీసులో నా ఉద్యోగానికి నెల రోజులు సెలవు పెట్టించారు. "ఫైళ్ళు ఎక్కడికీ పారిపోవులే," అన్నారు ఈయన. మా సూపరింటెండెంటు కూడా అదే మాట అన్నాడు, కాకపోతే ఇప్పుడు అభ్యర్థి భార్యనని కుర్చీలోంచి లేచి నిలబడి అన్నాడు.

గుణం. ఆ మాట వారం రోజులు నా చెవిలో జోరీగలా తిరిగింది. అబద్ధం చెప్పను, ఈయన ధైర్యం నిజమే. యుద్ధం రోజుల్లో, అవతల నుంచి తుపాకులు పేలుతుంటే, పొంగుతున్న ఏట్లోకి దూకి ఇద్దరిని జుట్టు పట్టుకుని ఒడ్డుకు లాక్కొచ్చారు. ఆ ఇద్దరిలో ఒకతను తర్వాత మా ఇంటికొచ్చి ఈయన చేతులు పట్టుకుని కళ్ళకద్దుకున్నాడు. ఆ గంట ఎవరూ కాదనలేనిది. కానీ నేను బతికింది ఆ గంటలో కాదు. పద్నాలుగేళ్ళలో తొమ్మిది ఇళ్ళు మారాను. తొమ్మిదిసార్లు గిన్నెలు కాగితాల్లో చుట్టాను, తొమ్మిదిసార్లు విప్పాను. సెలవు మీద వచ్చిన మనిషి గడపలో అడుగు పెట్టగానే కిటికీ చువ్వ మీద వేలు రాసి, దుమ్ము అంటిన ఆ వేలు నా మొహం ముందు పెట్టేవారు. మాట కూడా ఉండేది కాదు, వేలే. మా అత్తగారు, "వాడు దేశానికి కాపలా కాస్తున్నాడు, నువ్వు నా మాత్రల టైముకి కాపలా కాయలేవా?" అనేది. మా నాన్న పోయి నేను అయిదోనాడు తిరిగొస్తే ఈయన అడిగిన మొదటి మాట, "నా బూట్ల పాలిష్ ఎక్కడ పెట్టావ్?" అని. వీటిని గుణం అనరు, ఇంటి సంగతులంటారు. ఏట్లో దూకడం గుణమైనప్పుడు, ఇరవై ఎనిమిదేళ్ళ పాటు ఒక మనిషి మొహం ముందు వేలు పెట్టడం గుణం ఎందుకు కాదో సబ్బుల ఆయన్ని అడగాలనిపించేది. అడగలేదు. టీ పోశాను.

అలాంటి రోజుల్లో పేపర్లో ఒక ఉత్తరం పడింది.

ఆ యుద్ధంలో ఈయన దళంలో పదకొండు మంది పోయారు. ఒక్కొక్కరి ఇంటికీ అధికారి స్వయంగా ఉత్తరం రాయాలని పైనుంచి చెప్పారు. "నీ అక్షరం గుండ్రంగా ఉంటుంది, నువ్వు రాసెయ్. నేను సంతకం పెడతాను," అన్నారు ఈయన. నాకప్పుడు ఇరవై ఆరేళ్ళు. అందరికీ ఒకటే ఉత్తరం పేరు మార్చి రాస్తే సరిపోయేది. అది నా చేత కాలేదు. ఆరు నెలల పిల్లని చంకనేసుకుని మూడు వారాలు సైనికుల ఆసుపత్రికి తిరిగాను. దెబ్బలు తగిలి పడుకున్న వాళ్ళ మంచాల పక్కన కూర్చుని, పోయినవాళ్ళ గురించి అడిగాను. ఎవడు ఈల వేసేవాడు, ఎవడు నిద్దట్లో చెల్లెల్ని పిలిచేవాడు, అన్నీ నోటుబుక్కులో రాసుకున్నాను. పదకొండు ఉత్తరాలు రాశాను. ఈయన చదవకుండానే, భోజనం చేస్తూ, ఎడమచేత్తో కాగితం అదిమిపట్టి సంతకాలు పెట్టారు.

అందులో ఒకటి ఒక తల్లి ఇరవై ఆరేళ్ళు దాచుకుని, ఈయన పోటీ చేస్తున్నారని తెలిసి పేపరు వాళ్ళకి చూపించింది. ఇక చూడండి. 'తన సైనికుల తల్లులకు స్వహస్తాలతో రాసిన మేజరు' అని వీధి వీధినా బోర్డులు లేచాయి. నా గుండ్రటి అక్షరాలు మనిషంత ఎత్తున, కింద ఈయన సంతకం. మేనేజరు గాల్లో తేలిపోతున్నాడు. ఈయన నా వైపు ఒక్కసారి చూసి, "అవన్నీ ఇప్పుడు తవ్వకు," అన్నారు. నేనేం తవ్వాను? నోరే విప్పలేదు.

పెద్ద సభకి ఆ తల్లిని పిలిపించారు. సభ సాయంత్రం నాలుగింటికి. అంతకుముందు హాలు వెనక ఉన్న చిన్న గదిలో ఆవిడని ఈయనతో కలిపారు. నేనూ, మేనేజరూ పక్కనే ఉన్నాం. బట్టలు కుట్టి బతికిన మనిషి. చూపుడువేలి కొస సూదిపోట్లతో గరుకుగా ఉంది. ప్లాస్టిక్ కవర్లోంచి ఉత్తరం తీసి ఈయన చేతిలో పెట్టింది.

"నాకు పొగడటం రాదు బాబూ. ఒక్క మాట కోసం వచ్చాను. ఇందులో రాశారు కదా, మావాడు బయలుదేరిన రోజు గేటు దగ్గర వెనక్కి తిరిగి ఎందుకు చూడలేదో మీకు తెలుసని. అది కాగితం మీద పెట్టే మాట కాదు, కలిసినప్పుడు చెబుతానని. చెప్పండి."

ఈయన ఉత్తరం వైపు చూశారు. పేపర్లో పడినా, బోర్డులకెక్కినా, అందులో ఏముందో ఈయన చదవడం అదే మొదటిసారని నాకు తెలుసు. పతకాలు సర్దుకుని ఆవిడ వైపు తిరిగారు.

"వెనక్కి చూస్తే దేశం పని ఆగిపోతుందన్నాడమ్మా. 'ముందుకే చూడాలి సార్' అన్నాడు."

మేనేజరు కళ్ళు తుడుచుకున్నాడు. ఆవిడ తుడుచుకోలేదు.

"అంతేనా?" అంది మెల్లిగా. "మావాడు అట్లా మాట్లాడడే." ఉత్తరం మడతపెట్టి కవర్లో పెట్టుకుంటోంది. మడత కుదరక విప్పి మళ్ళీ మడిచింది. అది చూశాక నాకు ఈయన మీద వచ్చిన కోపం అంతా ఇంతా కాదు. చదవలేదని కాదు, మరిచిపోయారని కాదు. తెలియదని చెప్పడానికి కావలసిన పిసరంత ధైర్యం ఆ పతకాల కింద ఎక్కడా లేదు.

"ఏడుస్తున్నాడమ్మా," అన్నాను. "వెనక్కి తిరిగితే మీరు చూస్తారని తిరగలేదు. 'నేను ఏడవడం చూస్తే మా అమ్మ వెళ్ళనివ్వదు' అని బారక్సులో పక్కమంచం కుర్రాడితో చెప్పుకున్నాడట. రైలు రెండు స్టేషన్లు దాటేదాకా మొహానికి తువ్వాలు కప్పుకునే ఉన్నాడట. మీరు కట్టిచ్చిన మూట కూడా ఎవర్నీ ముట్టుకోనివ్వలేదట."

ఆవిడ కుర్చీ లాక్కుని కూర్చుంది. "పిచ్చి తండ్రి," అంది. కవరు ఒళ్ళో పెట్టుకుని, "సైన్యంలోకి వద్దని ముందురోజు వాణ్ణి తిట్టాను. ఆ కోపంతోనే పోయాడనుకున్నాను, ఇన్నేళ్ళూ," అంది. తర్వాత తలెత్తి, "నీకెట్లా తెలుసమ్మా?" అంది.

"ఉత్తరం నేనే రాశాను."

"మరి ఇన్నేళ్ళూ వచ్చి ఎందుకు చెప్పలేదు తల్లీ?"

సంతకం ఆయనది కాబట్టి వెళ్ళాల్సిందీ ఆయనే అనుకున్నాను. రెండుసార్లు గుర్తు చేశాను. "చూద్దాంలే," అన్నారు. మూడోసారి అడిగితే విసుక్కుంటారని ఊరుకున్నాను. ఒక మనిషి విసుగుకి భయపడి ఒక తల్లిని ఇరవై ఆరేళ్ళు ఏడిపించాను. ఆ తప్పు నాదే. ఆవిడకి అదే చెప్పాను. ఆవిడ నన్ను తిట్టలేదు. నా చెయ్యి పట్టుకుంది, ఆ గరుకు వేళ్ళతో.

"మా ఆవిడ అప్పట్లో రాతపనిలో కాస్త సాయం చేసేదిలెండి," అన్నారు ఈయన మేనేజరుతో.

సభలో అభ్యర్థిని పరిచయం చేయడం నా వంతు. మేనేజరు రాసిచ్చిన కాగితం చేతిలోనే ఉంది. దాన్ని చదవలేదు. ఆ ఉత్తరం రాసింది నేనని, మా ఆయన దాన్ని చదవనైనా చదవలేదని మైకులో చెప్పేశాను. ఏట్లో దూకింది ఆయనేనని, అది నిజమని, అదీ చెప్పాను. ఎవరి పని వాళ్ళ పేరు మీద ఉండాలన్నాను. తిడతారనుకున్నాను, గోల చేస్తారనుకున్నాను.

చప్పట్లు కొట్టారు. హాలంతా లేచి నిలబడి కొట్టారు. భార్య చేత ఉత్తరాలు రాయించుకున్న మేజరు వాళ్ళకి మరీ ముద్దొచ్చాడు. తెల్లారేసరికి కొత్త బోర్డులు లేచాయి: 'ఆయన తుపాకీ, ఆవిడ కలం. ఒకే కుటుంబం, ఒకే సేవ.' నా నిజాన్ని కడిగి, ఆరేసి, ఇస్త్రీ చేసి ఆయనకే తొడిగారు.

సభ నుంచి తిరిగొస్తూ కారులో ఈయన, "రాసింది నువ్వే కావచ్చు. సంతకం లేకపోతే ఆ కాగితానికి విలువేముంది?" అన్నారు. కోపంగా కూడా అనలేదు. నిజంగానే అర్థం కాక అడిగారు. ఇరవై ఎనిమిదేళ్ళ కాపురంలో ఆ మనిషిని అంత స్పష్టంగా నేనెప్పుడూ చూడలేదు.

నాలుగు వేల ఓట్ల తేడాతో గెలిచారు. ఆ తల్లి ఎవరికి వేసిందో నేను అడగలేదు.

ఫలితాలు వచ్చిన మధ్యాహ్నం ఇంటి ముందు పూలదండల వ్యాను నిలబడింది. లోపల నేను సంచి సర్దుకుంటున్నాను. పాత నోటుబుక్కులో ఇంకా పది చిరునామాలు ఉన్నాయి. కొన్ని ఇళ్ళు మారి ఉంటాయి, కొందరు తల్లులు పోయి ఉంటారు. ఉన్నవాళ్ళకి నేను ఎదురుగా కూర్చుని చెప్పాల్సినవి ఉన్నాయి. ఆఫీసుకి ఇంకో నెల సెలవు రాసి పంపాను, ఈసారి నా కోసం.

ఈయన గుమ్మంలోకి వచ్చారు, మెడ నిండా దండలతో.

"ఊరేగింపు బయలుదేరుతోంది, ఈ సంచేంటి? నువ్వు పక్కన లేకపోతే జనం ఏమనుకుంటారు? వాళ్ళకేం చెప్పను?"

నేను సంచి భుజానికి తగిలించుకున్నాను.

"ఏం చెప్తావో నువ్వే రాసుకో," అన్నాను.

ఆయన్ని నువ్వు అనడం అదే మొదటిసారి. నా నోరు తడబడలేదు.