క్లబ్బులోకి సుప్రియ

కోవూరులో పైకప్పున్న షటిల్ కోర్టు ఊరి క్లబ్బులో మాత్రమే ఉండేది. ఎరువుల కొట్టు నడిపే హరినాథ్ సాయంత్రమైతే అక్కడే ఉండేవాడు. అతని భార్య సుప్రియ కాలేజీ రోజుల్లో జిల్లా జట్టుకు ఆడిన మనిషి. ఆటలో అతను ఆమె ముందు నిలవలేడని ఇంట్లో అందరికీ తెలుసు. కానీ క్లబ్బులోకి ఆడవాళ్లను రానివ్వరు. కొన్నాళ్లు మిద్దె మీద వల కట్టి ఇద్దరూ ఆడి చూశారు. సముద్రం వైపు నుంచి వీచే గాలికి షటిల్ పక్కింట్లో పడేది. నవ్వుకుని మానేశారు.

ఒక మంగళవారం హరినాథ్ ఆడుతూ ఆడుతూ కోర్టులోనే కూలిపోయాడు. క్లబ్బు సెక్రటరీ నరేంద్రబాబు అతనికి తమ్ముడిలాంటి స్నేహితుడు. సుప్రియకు ఫోన్ చేసింది అతనే. ఆమె స్కూటీ మీద ఆదరాబాదరాగా వచ్చింది. గేటు దగ్గర వాచ్‌మన్ కామాక్షయ్య అడ్డం నిలిచాడు.

“ఆడవాళ్లు లోపలికి పోకూడదమ్మా. ఉండండి, అడిగొస్తా.”

“ఆయన పడిపోయినాడు కామాక్షయ్యా!”

“అందుకేనమ్మా, పరిగెత్తి అడిగొస్తా.”

నిజంగానే పరిగెత్తాడు. అప్పటికే లోపలివాళ్లు హరినాథ్‌ను వెనక గేటు దగ్గర కారెక్కించారు. ఆమె ముందు గేటు ఊచలు పట్టుకుని నిలబడి ఉండగా ఆ కారు పెన్నా వంతెన దాటుతోంది. ఆమె నెల్లూరు ఆస్పత్రికి చేరేసరికి ముఖం మీద గుడ్డ కప్పేశారు.

“దారిలో ఏమన్నా మాట్లాడినాడా?” అని అడిగింది.

నరేంద్రబాబు తల దించుకున్నాడు. “మిమ్మల్నే అడిగినాడు వదినా. సుప్రియ వచ్చిందా అని.”

దినాలు అయ్యాక నరేంద్రబాబు ఇంటికొచ్చాడు. హరినాథ్ అన్న పేరు మీద ఏటా పోటీలు పెట్టి కప్పు ఇస్తామన్నాడు.

“కప్పులేం వద్దు. ఆడవాళ్లని చేర్చుకోండి.”

“అది ప్రైవేటు క్లబ్బు వదినా. ఎవరింట్లోకి ఎవరిని రానిచ్చేదీ ఆ ఇంటివాళ్ల ఇష్టం గదా.”

“ఇల్లయితే మీ స్థలంలో కట్టుకోవాల. అది సర్కారు స్థలం.”

ఆ ఏడే క్లబ్బు స్థలం లీజు ముగిసింది. సుప్రియ కలెక్టరాఫీసు చుట్టూ తిరిగింది. బ్యాంకులో పనిచేసే రెజీనా, నర్సు ఉషారాణి ఆమెతో పాటు సంతకాలు పెట్టారు. మొగుడి చావును అడ్డం పెట్టుకుని పేరు తెచ్చుకుంటోందని ఊళ్లో అన్నారు. ఆ మాటలు ఆమెను అంతగా తాకలేదు. అత్త ప్రమీలమ్మ అన్న మాట తాకింది.

“నా బిడ్డ సంతోషంగా ఉన్నింది ఆ ఒక్కచోటే. దాన్నెందుకమ్మే బజార్న పెడతావు?”

సుప్రియ కాగితాలు సంచిలో సర్దుకుని మళ్లీ నెల్లూరు బస్సెక్కింది.

ఆడవాళ్లను చేర్చుకుంటేనే లీజు పొడిగిస్తామని ఆఫీసరు తేల్చేశాడు. క్లబ్బు వంగింది. ముగ్గురికీ సభ్యత్వం వచ్చింది. మొదటి సాయంత్రం వాళ్లు కోర్టులోకి అడుగుపెట్టగానే ఆడుతున్న మగవాళ్లు ఆట ఆపి, చెమట తుడుచుకుని వెళ్లిపోయారు. మర్నాడూ అంతే. కొన్ని నెలలకు హైవే పక్కన సొంత స్థలంలో రేకుల షెడ్డు వేసుకుని, మగవాళ్లకే వేరే క్లబ్బు పెట్టుకున్నారు. కామాక్షయ్యను కూడా అక్కడికే తీసుకుపోయారు. ఉషారాణిని ఆమె భర్త మాన్పించాడు.

నరేంద్రబాబు పాత క్లబ్బు తాళాలివ్వడానికి వచ్చాడు.

“మిమ్మల్నెవరూ వద్దనలేదు వదినా. మీతో ఆడి తీరాలని సర్కారు కూడా చెప్పలేదు గదా.”

“ఆ రోజూ నన్నెవరూ వద్దనలేదు నరేంద్రబాబూ. అడిగొస్తామన్నారు, అంతే.”

అతను తాళాలు బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు.

ఆ తర్వాత సుప్రియ, రెజీనా ఇద్దరే ఆడేవాళ్లు. లైట్లు ఒక్కొక్కటే మాడిపోయాయి. గెలిచామన్న సంతోషం సుప్రియకు ఏ రోజూ కలగలేదు. ఇంట్లో కూర్చోలేక వచ్చేది.

ఒక సాయంత్రం ఆట మధ్యలో ప్రమీలమ్మ ఆటో దిగి లోపలికొచ్చింది. కొడుకు అన్నేళ్లు ఆడిన చోటును ఆమె చూడడం అదే మొదటిసారి. చుట్టూ చూసింది.

“ఎక్కడ పడినాడో చూపించమ్మే.”

సుప్రియకు తెలియదు. ఆ రోజు లోపలున్న వాళ్లెవరూ ఇప్పుడిక్కడ లేరు. నరేంద్రబాబుకు ఫోన్ చేసింది. ఎత్తలేదు. మళ్లీ చేసింది. ఎత్తలేదు.

“తెలీదత్తయ్యా,” అంది.

ప్రమీలమ్మ చెప్పులు విడిచింది. వల పట్టుకుని మెల్లగా వంగి కూర్చుని, చెయ్యి అందినంత మేర నేలను తడమసాగింది. రెజీనా తల తిప్పుకుంది. సుప్రియ వెళ్లి అత్త పక్కన కూర్చుంది.